మంద వెంట ఒక రోజు నడిచాకే సాయం మాట ఎత్తండి

మాది ఉదయగిరి వైపు మెట్ట. తాత కాలం దాకా ఇంట్లో జీవాలుండేవి, నాన్న అమ్మేశాడు, నేను నెల్లూరులో కంప్యూటర్ ముందు కూర్చునే రకం అయ్యాను. ఊరితో సంబంధం మాత్రం పోలేదు, అందుకే ఏటా ఎవరో ఒక స్నేహితుడు ఫోన్ చేసి, మీ వైపు గొర్రెల కాపరులకి ఏదైనా చేద్దామనుకుంటున్నాం, ఏం కొనిస్తే బాగుంటుంది అని అడుగుతుంటాడు. ఈ కొనివ్వడం అనే మాట దగ్గరే పని చెడుతుంది. ఎలా చెడుతుందో నేనే ఒకసారి చేసి చూపించాను, అది ముందు చెప్తా.

కొన్నేళ్ల కిందట నలుగురం చందాలేసుకుని మా ఊరి రోడ్డు పక్కన జీవాలకి నీళ్ల తొట్టి కట్టించాం. సిమెంటు, పెయింటు, మా పేర్లతో చిన్న బోర్డు, కొబ్బరికాయ, ఫొటోలు అన్నీ అయ్యాయి. ఆ ఎండాకాలమంతా తొట్టిలో నీళ్లు పాచి పట్టాయి తప్ప ఒక్క గొర్రె మూతి పెట్టలేదు. నాకు మామ వరసయ్యే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, అరవై దాటినా ఇంకా మంద వెంట తిరుగుతాడు. ఆయన్ని అడిగితే వచ్చి, తొట్టి గట్టు మీద చెయ్యి ఆనించి, ఆ ఎత్తు తన నడుము దాకా వచ్చిందని చూపించాడు. "గొర్రె తల దించి తాగుద్ది అబ్బయా, ఎత్తి తాగదు. మీరు ఎనుముకి కట్టారు" అన్నాడు, ఎనుమంటే గేదె. అది ఒక్కటే అయితే గట్టు పగలగొట్టి సరిచేసేవాళ్లం. మందలు మధ్యాహ్నం నీళ్లకి దిగేది వాగు అవతలి నుంచి, తొట్టి దాకా రావాలంటే రెండు మామిడి తోటల కంచెలు అడ్డం. మేం ఎవర్నీ అడగలేదు, అడగాలని కూడా తోచలేదు.

తర్వాత ఆఫ్రికా మెట్ట ప్రాంతాల గురించి చదువుతుంటే మా తొట్టి కథే అక్కడ పెద్ద ఎత్తున కనిపించింది. సెనెగల్‌లో ఫెర్లో అనే ఎండు నేలలో 1950ల నుంచి లోతైన బోర్లు వేశారు. అంతకుముందు అక్కడి ఫులానీ కాపరులు గుంటల్లో వాననీళ్లు ఉన్నన్నాళ్లు ఉండి, అవి ఎండగానే పశువుల్ని నదివైపు తోలుకుపోయేవాళ్లు, దాంతో నేలకి కూడా కొన్నాళ్లు తెరిపి దొరికేది. బోర్లు వచ్చాక మందలు ఏడాదంతా వాటి చుట్టూనే చేరి, చుట్టుపక్కల గడ్డి మళ్లీ మొలవకుండా తొక్కుడుపడిపోయింది. నీళ్లు ఎక్కడ పెడితే మేత అక్కడ ఖర్చవుతుంది, ఈ లెక్క కాపరికి తెలుసు, బోరు వేయించేవాడికి తెలియదు. దక్షిణ ఇథియోపియాలో బోరానా అనే పశుపోషకుల లోతు బావుల దగ్గరైతే ఏ మంద ఏ రోజు, ఎన్నో వంతున తాగాలో చెప్పడానికి 'అబ్బా హెరేగా' అని ఒక మనిషే ఉంటాడు. మనుషులు బావిలో మెట్టుమెట్టుకీ నిలబడి, పాట పాడుతూ చేతికి చెయ్యి నీళ్లు పైకి అందిస్తారు. నీళ్లతో పాటు వంతూ ఉంటేనే అది సాయం కింద లెక్క.

అందుకే 2026ని ఐక్యరాజ్యసమితి మేత భూముల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది కదా, మనమూ ఏదో చేద్దాం అనుకునేవాళ్లకి నేను చెప్పే పద్ధతి ఇది. డబ్బు చివర్లో వస్తుంది, అసలు రాకపోయినా పర్వాలేదు.

ముందు నడవండి

పొద్దున్నే ఆరింటికి వెళ్తే మంద ఇంకా దొడ్లోనే ఉంటుంది, టెన్షన్ పడకండి. మంచు ఆరాక గానీ తోలరు, తడి గడ్డి తింటే నట్టలు, అంటే కడుపులో పురుగులు, పడతాయని. ఎండ ఎక్కేదాకా కూర్చుని టీ తాగండి. ఎన్ని జీవాలు అని మాత్రం అడక్కండి, దిష్టి అనుకుంటారు, పైగా లెక్క అడిగేవాడు ఆఫీసు మనిషన్న అనుమానం కూడా. ఫోన్లో నడిచిన దారి గుర్తుపెట్టే యాప్ ఏదైనా ఆన్ చేసి జేబులో వేసుకుని సాయంత్రం దాకా వెనకే నడవండి. మంద ఎక్కడ ఆగింది, ఎక్కడ తాగింది, ఎవరి చేను దగ్గర తిట్లు పడ్డాయి, కొత్త కంచె ఎక్కడ లేచింది, రోడ్డు ఎక్కడ దాటింది, వీధికుక్కలు ఎక్కడ వెంటపడ్డాయి, ఇవి చూడండి చాలు. రెండు కాలాల్లో రెండుసార్లు నడిస్తే మీ చేతిలో ఒక పటం తయారవుతుంది. ఆ పటం ఎవరి దగ్గరా ఉండదు, రెవెన్యూ వాళ్ల దగ్గరా, అటవీ శాఖ దగ్గరా, పంచాయతీ దగ్గరా.

దారిలో సర్కారు తుమ్మ ఎక్కడెక్కడ ఉందో కూడా చూడండి. ఎండాకాలం దాని కాయలే సగం మేత, అది పూర్తిగా ఆక్రమిస్తే గడ్డి ఉండదు, రెండూ నిజమే. కెన్యాలో బరింగో దగ్గర ఇదే చెట్టుని 1980ల్లో ఎడారి ఆగుతుందని తెచ్చి నాటించారు, తర్వాత అది పొదలై నీళ్ల దారులు, మేత బయళ్లు అన్నీ కప్పేసింది, తీపి కాయలు నమిలి నమిలి మేకల పళ్లు పుచ్చి ఊడిపోయాయి. ఇల్చాముస్ అనే అక్కడి కాపరులు ప్రభుత్వం మీద కేసు వేసి, పళ్లూడిన మేకను సాక్ష్యంగా కోర్టుకి తోలుకొచ్చారు. కాబట్టి మీ ఊళ్లో కంప కొట్టించే కార్యక్రమం ఏదైనా వస్తే, అంతా నరికేద్దామా కొంత ఉంచుదామా అన్నది ముందు మందల వాళ్లని అడగండి.

కాలం తెలుసుకోండి

మనకి వాన ఎక్కువగా వచ్చేది అక్టోబరు నుంచి డిసెంబరు, అదీ ఒక ఊర్లో కురిస్తే పక్క ఊర్లో దుమ్ము లేస్తుంటుంది. అందుకే మంద ఒకచోట ఉండలేదు. మెట్టలో మేత అయిపోయే సరికి కిందన డెల్టాలో, కోవూరు, బుచ్చి, ఇందుకూరుపేట వైపు కోతలు మొదలవుతాయి, మందలు దిగుతాయి, కోసిన మళ్లల్లో మంద కట్టి ఎరువు ఇచ్చి డబ్బో వడ్లో తీసుకుంటారు. ఇక్కడొక చిక్కు ఉంది, బయటివాళ్లకి తోచదు. సోమశిల జలాశయంలో నీళ్లు బాగా ఉండి ఎడగారుకి, అంటే రెండో పంటకి, వదిలితే కోత అయిన కొద్దిరోజులకే మళ్లీ దమ్ము చేస్తారు, మందకి చోటుండదు. ఎడగారు లేని ఏడైతే ఎండాకాలం గడిచిపోతుంది. ఆ నిర్ణయం సాగునీటి సలహా మండలి సమావేశంలో జరుగుతుంది, అందులో రైతు నాయకులు, ప్రజాప్రతినిధులు, అధికారులు ఉంటారు, గొర్రెల వాళ్లుండరు. మీరు చేయగలిగిన పని చాలా చిన్నది. ఆ సమావేశం వార్త వచ్చిన రోజే, ఏ కాలవ కింద నీళ్లిస్తున్నారో ఏ కాలవ కింద ఇవ్వట్లేదో వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టి మందల వాళ్లకి పంపండి. టైపు చేసింది చదవరు, వాయిస్ వింటారు. అంత దూరం మంద తోలుకెళ్లి, తీరా చూస్తే నాట్లేసిన మళ్లు ఎదురైతే ఎలా ఉంటుందో ఆలోచించండి. వీలైతే గొర్రెల పెంపకందారుల సహకార సంఘం అధ్యక్షుడి చేత, మా మనిషిని కూడా ఆ సమావేశానికి పిలవండి అని కలెక్టరుకి ఒక అర్జీ పెట్టించండి.

మంద కట్టే బేరం నోటిమాట మీద నడుస్తుంది, చాలావరకు బాగానే నడుస్తుంది కూడా. గొడవ వచ్చేది పక్క చేను మేసినప్పుడు. చేను మేసిన పశువుల్ని పట్టి కట్టేసే బందెలదొడ్డి చట్టం 1871 నాటిది, ఇంకా ఉంది, కానీ అక్కడిదాకా పోకుండా పెద్దమనుషుల దగ్గర తేల్చుకుని, ఎంత ఇచ్చిందీ ఒక కాగితం మీద రాసి ఇద్దరి సంతకాలు పెట్టించుకోవడం మేలు. లేదంటే అదే నష్టానికి రెండోసారి అడుగుతారు, మా వాళ్లకి అయింది.

పశ్చిమ ఆఫ్రికాలో ఈ వలసకి కాగితమే ఉంది. అక్కడి దేశాల కూటమి ఎకోవాస్ 1998లోనే, మంద సరిహద్దు దాటాలంటే ఒక పత్రం ఉండాలని తీర్మానించింది, అందులో పశువుల సంఖ్య, వేసిన టీకాలు, వెళ్లే దారి రాస్తారు. దారిలో పోలీసులు చేతులు చాపడం ఆగిపోయిందని కాదు గానీ, కాగితం ఉన్నవాడు కనీసం ఎదురు మాట్లాడగలడు. మన దగ్గర అలాంటిది లేదు కాబట్టి, మంద బయల్దేరే ముందు మీ పశువైద్యుడి దగ్గర టీకాల వివరాలు తేదీలతో రాయించుకుని, ముద్ర వేయించి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇవ్వండి. రోగం మందలు వచ్చాయి అని ఊరు మొత్తం మీద పడ్డప్పుడు అదొక్కటే అక్కరకొస్తుంది.

డొంక ఎక్కడుంది, రికార్డులో ఏముంది

ఇక్కడ తీరిగ్గా కూర్చోండి, చదువుకున్నవాళ్లు నిజంగా పనికొచ్చేది ఇక్కడే. పాత రికార్డుల్లో మేత పోరంబోకు, మందబయలు, డొంక (మందలు, బండ్లు నడిచే ఉమ్మడి బాట), వాగు పోరంబోకు, చెరువు పోరంబోకు అని వేర్వేరుగా రాసి ఉంటుంది. మీరు నడిచి గీసిన పటం పక్కన పెట్టుకుని, సచివాలయంలో సర్వేయరు దగ్గర గ్రామ పటం చూసి, మంద నడిచే ప్రతి ముక్కకీ సర్వే నంబరు రాసుకోండి. ఆ నంబర్లు మీభూమి వెబ్‌సైట్‌లోనూ, నిషేధిత భూముల 22-ఏ జాబితాలోనూ ఏమని ఉన్నాయో చూడండి. పాత రిజిస్టర్లో డొంక, కొత్త అడంగల్లో ఎవరిదో పేరు అని కనిపిస్తే అదే మీ అసలు పని. రీసర్వే జరుగుతున్న ఊరైతే ఇంకా తొందరపడండి, హద్దురాళ్లు పాతాక అరిచి లాభం లేదు. పట్టాదారులందరికీ నోటీసులు వస్తాయి, డొంకకి ఎవరు నోటీసు ఇస్తారు చెప్పండి, డొంక తరఫున ఎవరో ఒకరు వెళ్లి నిలబడాలి.

రికార్డు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో దానికి ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆక్రమణ తేలితే తహసీల్దారుకి అర్జీ, రసీదు తప్పకుండా తీసుకోండి, కదలకపోతే సోమవారం కలెక్టరాఫీసు గ్రీవెన్స్. అర్జీలో సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు పేరెత్తండి. పంచాయతీ పోరంబోకులు, ఊరుమ్మడి భూములు ఆక్రమించినవాళ్లని ఖాళీ చేయించడానికి రాష్ట్రాలన్నీ పథకం తయారుచేయాలని అందులో చెప్పారు. ఒక మాట, అర్జీ మీద మొదటి సంతకం కాపరిది పెట్టించకండి. ఆక్రమించినవాడి పొలంలోనే రేపు ఆయన మంద కట్టాలి. సంతకం మీరు పెట్టండి, నెల్లూరులో ఉండేవాడికి పోయేదేముంది. నేను మొదట్లో ఇది తెలియక మామ చేత పెట్టించాను, ఆ ఏడు ఆయనకి రెండు ఊళ్లలో మంద కట్టే బేరాలు పోయాయి.

కెన్యాలో 2016లో సామూహిక భూముల చట్టం తెచ్చి, మేత భూమి మొత్తాన్ని సమూహం పేరు మీదే రిజిస్టరు చేసుకునే వీలు కల్పించారు. మన చట్టాల్లో పోరంబోకు అంటే ప్రభుత్వానిది, వాడుకునే వాళ్లకి పేరుండదు. ఒక్క అడవి విషయంలోనే కొంచెం వేరు.

అడవి అంచున

వెలిగొండ కొండల కింద, నల్లమల అంచున మేపేవాళ్లకి అటవీ హక్కుల చట్టం 2006 ఉంది. అది గిరిజనులకి పోడు పట్టాలిచ్చే చట్టమనే అందరూ అనుకుంటారు. అందులో సెక్షన్ 3(1)(డి) చదవండి, స్థిరంగా ఉండేవాళ్లయినా వలస తిరిగేవాళ్లయినా మేత హక్కు, సంచార పశుపోషకుల కాలానుగుణ హక్కు అని స్పష్టంగా ఉంది. సామూహిక హక్కు కోసం ఫారం-బి, గ్రామసభలో పెట్టాలి. సంచార పశుపోషకుల దరఖాస్తులు గ్రామసభ ముందుకు వచ్చేలా చూడటం జిల్లా స్థాయి కమిటీ బాధ్యత అని 2012 సవరణ నిబంధనల్లో ఉంది, ఈ ముక్క చాలామంది అధికారులకి కొత్తగా వినిపిస్తుంది, ప్రింటు తీసుకెళ్లండి.

చిక్కల్లా ఏంటంటే, షెడ్యూల్డు తెగ కానివాళ్లు 2005 డిసెంబరు 13కి ముందు మూడు తరాలు, అంటే 75 ఏళ్లు, ఆ అడవి మీద ఆధారపడి ఉన్నట్టు చూపించాలి. కాపరి ఇంట్లో కాగితాలెక్కడివి అని మొదటే చేతులెత్తేస్తారు. ట్రంకు పెట్టెలు తీయించండి. మా మామ ఇంట్లో కిర్రుమనే రేకు పెట్టెలో, పెళ్లి చీర మడతల కింద, నాలుగు పుల్లరి రసీదులు దొరికాయి, పురుగు తిన్నది తినగా మిగిలినవి, వాళ్ల నాన్న పేరు మీద. పుల్లరి అంటే అడవిలో మేపినందుకు కట్టే పన్ను, పల్నాడులో కన్నెగంటి హనుమంతు ప్రాణం పోయింది ఆ పుల్లరి గొడవలోనే, 1922లో. మనల్ని పీడించిన పన్ను రసీదే ఇప్పుడు మన సాక్ష్యం. దానితో పాటు ఊరి పెద్దల వాంగ్మూలం, పాత మేత స్థలాలు, నీటి గుంటలు, మంద దిగిన గుర్తులు ఇవన్నీ నిబంధనల్లో సాక్ష్యాలుగా చెల్లుతాయి. ఒకటి చాలదు, ఒకటికి మించి కావాలి. ఇంకోటి, అడవిలో జరిమానా అని ఎవరు డబ్బు అడిగినా రసీదు లేకుండా ఇవ్వొద్దని మందల వాళ్లకి చెప్పండి. రసీదు ఇస్తే అది రేపటికి ఇంకో సాక్ష్యం, ఇవ్వనంటే అప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

హక్కు పత్రం వచ్చేస్తే అయిపోయిందనుకోకండి. కెన్యాలో బొగోరియా సరస్సు దగ్గరి ఎండొరోయిస్ అనే పశుపోషకుల్ని 1970ల్లో వన్యప్రాణుల కోసమని వెళ్లగొట్టారు, వాళ్లు పోరాడి 2010లో ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ నుంచి తమవైపు తీర్పు తెచ్చుకున్నారు. ఖండం మొత్తంలో పేరుమోసిన తీర్పు అది, కానీ భూమి వాళ్ల చేతికి రావడం ఏళ్ల తరబడి నానుతూనే ఉంది.

టీకాలు, నట్టల మందు, బీమా

ఇది క్లుప్తంగా చెప్తా, మీ ఊరి పశువైద్యుడు నాకంటే బాగా చెప్తాడు. పీపీఆర్, మనవాళ్లు పారుడు రోగం అనేది, ఒక్క టీకాతో మూడేళ్లు ఆగుతుంది. దీన్ని మొదట గుర్తించింది పశ్చిమ ఆఫ్రికాలోని ఐవరీ కోస్ట్‌లో 1942లో, మన దేశంలో 1987లో. చిటుక రోగం టీకా తొలకరికి ముందు, నీలినాలుక టీకా ఈశాన్య వానలకి ముందు. మంద డెల్టాలో ఉండగా ఊరి ఆసుపత్రిలో క్యాంపు పెడితే ఎవరికి ఉపయోగం, కాబట్టి మంద ఏ రోజు ఎక్కడుంటుందో మీరే ఫోన్ చేసి చెప్పి తేదీ కుదర్చండి. దారిలో ఏదైనా అయితే 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది, ఆ నంబరు కాపరి ఫోన్లో సేవ్ చేసి పెట్టండి, పేరు బదులు గొర్రె బొమ్మ పెడితే గుర్తుపడతారు. నట్టల మందు ఎప్పుడూ ఒకటే రకం పోస్తే పని చేయడం మానేస్తుంది. మన దగ్గర నెల్లూరు జాతి ఉంది, తెల్లటి పల్ల, మూతీ కళ్ల దగ్గర నల్ల మచ్చలుండే జోడిపి, ఎర్రటి దోర, దేశంలోకెల్లా ఎత్తైన గొర్రె. కెన్యాలో నట్టల్ని తట్టుకునే ఎర్ర మాసాయి గొర్రెల్ని, మాంసం ఎక్కువ వస్తుందని 1970ల నుంచి డార్పర్ అనే బయటి జాతి పొట్టేళ్లతో కలిపి కలిపి, ఇప్పుడు అచ్చమైన మంద కోసం వెతుక్కునే స్థితికి తెచ్చుకున్నారు. బరువు ఎక్కువని బయటి పొట్టేలును ఉచితంగా పంచిపెట్టే పథకం ఏదైనా మీ చేతికొస్తే రెండుసార్లు ఆలోచించండి.

బీమాకి మన దగ్గర చెవి పోగు, చచ్చిన జీవం ఫొటో, డాక్టరు శవపరీక్ష కావాలి. వలసలో, రాత్రిపూట, వానలో ఇవన్నీ ఎవరు చేస్తారు. కెన్యాలో మార్సబిట్ జిల్లాలో 2010లో వేరే పద్ధతి పెట్టారు, ఉపగ్రహం నుంచి పచ్చదనం చూసి, ఒక హద్దు కంటే తగ్గితే ఆ ప్రాంతంలో బీమా కట్టిన అందరికీ డబ్బిస్తారు, చచ్చిన జీవాన్ని చూపించక్కర్లేదు. దానికీ లోపాలున్నాయి, మేత ఎండినా ఉపగ్రహానికి కంప చెట్లు పచ్చగానే కనిపిస్తాయి. మన దగ్గర అది వచ్చేదాకా, పోగు వేయించి ప్రతి పోగు ఫొటో మీ ఫోన్లో దాచిపెట్టడం మీ పని.

అమ్మకం దగ్గర ఒక్క సాయం చాలు, వేలాడదీసే కాటా. దళారి తువ్వాల కింద వేళ్లు నొక్కి ధర తేల్చే బేరం చూడ్డానికి భలే ఉంటుంది, కానీ పొట్టేలు ఎంత తూగుతుందో దళారికి తెలుసు, కాపరికి అందాజే. ముందురోజు సాయంత్రం ఇంట్లో తూచి పెట్టుకుంటే ఆ వేళ్లు వేరేగా కదులుతాయి.

ఆఫ్రికాకే నేరుగా పంపాలనుకుంటే

నైరోబీలో, దార్ ఎస్ సలామ్‌లో మనవాళ్లు చాలామందే ఉన్నారు, సఫారీకి వెళ్లొచ్చేవాళ్లూ పెరిగారు. టూరు మాట్లాడుకునేటప్పుడు ఆ క్యాంపు ఎవరి నేలలో ఉందో అడగండి. టాంజానియాలో లోలియోండో దగ్గర 2022 జూన్‌లో 1,500 చదరపు కిలోమీటర్లకి హద్దురాళ్లు పాతి మాసాయి అనే కాపరుల మందల్ని బయటికి తోలేశారు, అది వేట, పర్యాటకం కోసమే. మేకను కొనిపెట్టండి అని అడిగే సంస్థల కంటే, భూమి రిజిస్ట్రేషన్‌కీ కోర్టు ఖర్చులకీ అడిగే అక్కడి స్థానిక సంఘాలకి ఇవ్వడం నాకైతే నచ్చుతుంది. వరసగా ఐదు వానకాలాలు తప్పిన 2020 నుంచి 2022 కరువులో అక్కడ లక్షల పశువులు పోయాయి, ఆ టైములో ఇంకో మేకని ఇస్తే దానికీ మేత లేదు.

మా తొట్టి సంగతి. గట్టు పగలగొట్టించి, మామ చూపించిన చోట వాగు పక్కన మళ్లీ కట్టించాం, మోకాలి కంటే దిగువన, పొడుగ్గా, రెండువైపులా గొర్రెలు నిలబడేలా. బోర్డు పెట్టలేదు. మీరు మొదలుపెట్టాలంటే ఫిబ్రవరి చివర మంచి టైము, అప్పుడే మందలు కిందికి దిగుతాయి, జాతీయ రహదారి దాటేచోట లారీల భయం కాబట్టి ముందూ వెనకా నడిచేవాళ్లకి మెరిసే టేపు కుట్టిన జాకెట్లు నాలుగు పట్టుకెళ్లండి. పిల్లలకి బిస్కెట్లు పర్వాలేదు, కానీ పెద్దాయనకి మాత్రం టార్చిలైటు బ్యాటరీలు.